తద్ధర్మం తెలిస్తే ప్రెజెంట్ టెన్స్ తెలిసినట్టే

(డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనకవాళ్లకు వినబడుతోందా? సరే.

ఇంకొన్ని నెలల్లో మీలో చాలామంది ఇంటర్వ్యూలకు వెళ్తారు. అక్కడ మొదటి నిమిషంలో మీ నోటి నుంచి వచ్చే వాక్యాల్లో ఎక్కువ భాగం ప్రెజెంట్ టెన్స్‌లోనే ఉంటాయి. ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు, నాన్నగారు ఏం చేస్తారు, మీరేం చేస్తున్నారు, ఎప్పటి నుంచి చేస్తున్నారు... ఇవే కదా అడిగేది. అందుకే ఇవాళ టెన్సులన్నిటి జోలికీ పోను. ప్రెజెంట్ ఒక్కటే పట్టుకుని, దాన్ని మన తెలుగు వైపు నుంచి చూద్దాం. ఇంగ్లీషు నేర్చుకోవాలంటే తెలుగును మరిచిపోవాలని చెప్పేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. మీ తెలుగు మీకు గట్టిగా తెలిస్తే ఇంగ్లీషులో సగం తప్పులు వాటంతటవే పోతాయి.

బడిలో గోడకు తగిలించిన టెన్సుల చార్టు గుర్తుందా? పన్నెండు గళ్లు ఉంటాయి. సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. రూపాలు గుర్తుపెట్టుకోవడానికి ఆ చార్టు పనికొస్తుంది, కాదనను. కానీ ఏది ఎప్పుడు వాడాలో ఆ గళ్లు చెప్పవు. పైగా మొదటి గడిలో ఉన్న పేరులోనే చిక్కుంది. ‘సింపుల్ ప్రెజెంట్’ అన్నారు. ప్రెజెంట్ అంటే ఇప్పుడు అనుకుంటాం. ‘ఐ ఈట్ రైస్’ అన్న వాక్యం చూడండి. ఇప్పుడు అన్నం తింటున్నానని దానికి అర్థం లేదు. అన్నం తినే అలవాటున్న మనిషినని అర్థం. చెయ్యి కంచంలో ఉండగా ఫోన్ మోగితే ‘ఐ యామ్ ఈటింగ్’ అంటాం తప్ప ‘ఐ ఈట్’ అనం. మరి పేరులో ప్రెజెంట్ ఉండి, అర్థంలో ఇప్పుడు లేకపోతే పిల్లవాడు ఏమని అర్థం చేసుకోవాలి?

ఇక్కడే మన వ్యాకరణం చేయి అందిస్తుంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. మన సంప్రదాయ వ్యాకరణంలో క్రియలకు భూతం, భవిష్యత్తు, వర్తమానంతో పాటు నాలుగోది ఒకటుంది. దాని పేరు తద్ధర్మం. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఆరో తరగతో ఏడో తరగతో గుర్తొస్తూ ఉండాలి. పక్షులు ఎగురుతాయి, నిప్పు కాలుస్తుంది, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. ఈ పనులు ఇప్పుడు జరుగుతున్నాయా, రేపు జరుగుతాయా అన్న ప్రశ్నే రాదు. పక్షి స్వభావం ఎగరడం, నిప్పు స్వభావం కాల్చడం. అంతే. స్వభావాన్నీ, అలవాటునూ, ఎప్పుడూ నిజంగా ఉండేదాన్నీ చెప్పే క్రియకు మనవాళ్లు విడిగా ఒక పేరు పెట్టారు.

ఇంగ్లీషువాడు సింపుల్ ప్రెజెంట్ అన్నది అక్షరాలా ఇదే. ‘బర్డ్స్ ఫ్లై’, ‘ఫైర్ బర్న్స్’, ‘ద సన్ రైజెస్ ఇన్ ద ఈస్ట్’. నా మాట విని ఆ చార్టు మొదటి గడిలో సింపుల్ ప్రెజెంట్ అని ఉన్నచోట మనసులో తద్ధర్మం అని రాసుకోండి. ‘ఐ ప్లే క్రికెట్’ అంటే నేను క్రికెట్ ఆడే మనిషిని. ‘షి టీచెస్ మ్యాథ్స్’ అంటే ఆవిడ లెక్కల టీచరు. ఆవిడ ఈ క్షణాన ఇంట్లో పప్పు పోపు పెడుతూ ఉండవచ్చు. అయినా ‘షి టీచెస్ మ్యాథ్స్’ నిజమే.

పాత బజార్లలో ఇప్పటికీ కొన్ని బోర్డులు కనిపిస్తాయి. ‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ అని రాసి ఉంటుంది. ‘ఇవ్వబడును’ అన్నారు కాబట్టి వచ్చే నెలలో ఇస్తారేమోనని ఎవరైనా అనుకుంటారా? అనుకోరు. ఇక్కడ ఎప్పుడూ జరిగే పని అది. ఆ బోర్డును ఇంగ్లీషులో రాయమంటే ‘విల్’ రాకూడదు. ‘వుయ్ రెంట్ అవుట్ బైసికిల్స్’ అని రాయాలి. తద్ధర్మం కాబట్టి సింపుల్ ప్రెజెంట్.

ఇంత చక్కగా సరిపోతే మరి తప్పులెందుకు చేస్తున్నాం? చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఇవాళ మనం మాట్లాడే తెలుగులో తద్ధర్మానికీ భవిష్యత్తుకీ రూపం ఒకటే అయిపోయింది. ‘రోజూ ఆరింటికి లేస్తాను’ అంటాం. ‘రేపు ఆరింటికి లేస్తాను’ అని కూడా అంటాం. మనకు ‘లేస్తాను’ ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ గెట్ అప్ ఎట్ సిక్స్’, రెండోది ‘ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’. మన పిల్లల్ని దినచర్య చెప్పమంటే ఏం చెబుతారో మీకు తెలుసు. ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్, దెన్ ఐ విల్ గో ఫర్ వాకింగ్, దెన్ ఐ విల్ రీడ్ న్యూస్ పేపర్.’ వినేవాడికి ఇది ఎలా వినిపిస్తుందంటే, రేపటి నుంచి బాగుపడదామని నిర్ణయించుకున్న మనిషి ప్రతిజ్ఞ చేస్తున్నట్టు వినిపిస్తుంది. మీరు చెప్పదలచుకున్నది ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. అది అవతలి వాడికి చేరదు.

మందు తేలికే. తెలుగు వాక్యం మనసులోకి రాగానే దాని ముందు ‘రోజూ’ పెట్టి చూడండి, తర్వాత ‘రేపు’ పెట్టి చూడండి. మీ ఉద్దేశానికి ఏది అతుకుతుందో గమనించండి. ‘రోజూ’ అతికితే ‘విల్’ అక్కర్లేదు. ‘రేపు’ అతికితే ‘విల్’ కావాలి. వారం రోజులు ఇలా సాధన చేస్తే నాలుకకు అలవాటవుతుంది.

నాన్నగారి సంగతి. ఇంటర్వ్యూలోనే కాదు, అమెరికా వీసాకు వెళ్లినా ఈ ప్రశ్న వస్తుంది. ‘వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ?’ మనవాళ్ల జవాబు ‘మై ఫాదర్ ఈజ్ డూయింగ్ అగ్రికల్చర్.’ ఎందుకలా అంటాం? తెలుగులో ‘వ్యవసాయం చేస్తున్నారు’ అంటాం కాబట్టి. మన ‘చేస్తున్నారు’ వృత్తికీ సరిపోతుంది, ఈ నిమిషాన జరిగే పనికీ సరిపోతుంది. ఇంగ్లీషు ‘ఈజ్ డూయింగ్’ అలా సాగదు. వృత్తి అంటే తద్ధర్మమే కదా. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అనండి. లేదా ‘హి గ్రోస్ ప్యాడీ అండ్ చిల్లీస్’ అనండి. ఈ రెండో వాక్యం నాకు చాలా ఇష్టం. దానిలో పొలం కనిపిస్తుంది. ‘హి డ్రైవ్స్ యాన్ ఆటో’, ‘మై మదర్ రన్స్ ఎ టిఫిన్ సెంటర్’, ‘షి స్టిచెస్ బ్లౌజెస్ ఎట్ హోమ్’. మీ అమ్మానాన్నల పనిని ఇలా తిన్నగా, తలెత్తుకుని చెప్పండి. అగ్రికల్చర్, బిజినెస్ లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు. క్రియ సరిగ్గా పడితే వాక్యానికి గౌరవం దానంతటదే వస్తుంది.

అలాగే ‘మీరేం చేస్తుంటారు?’ అని మనం కొత్తవాళ్లను అడుగుతాం. అది ఇంగ్లీషులో ‘వాట్ డు యు డూ?’ అవుతుంది. ‘వాట్ ఆర్ యు డూయింగ్?’ అంటే ఇప్పుడు ఇక్కడ ఏం చేస్తున్నావని. కొన్నిసార్లు గొంతును బట్టి, ఏం చేస్తున్నావయ్యా నువ్వు అని గద్దించినట్టు కూడా ఉంటుంది. మొదటి పరిచయంలో అది వద్దు.

ఇప్పుడు ‘ఎస్’ సంగతి. ‘హి గోస్’, ‘షి గోస్’, ‘ఇట్ గోస్’. ఈ ఒక్క ‘ఎస్’ ఎందుకని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. తెలుగులో చూడండి. వెళ్తాను, వెళ్తాం, వెళ్తావు, వెళ్తారు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాయి. చేసేవాళ్లు మారితే క్రియ చివర మారిపోతుంది. ‘నేను’, ‘నువ్వు’ చెప్పకపోయినా తెలిసిపోతుంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా ఇలాంటి తోకలు చాలానే ఉండేవి. అవి ఒక్కొక్కటే రాలిపోయి చివరికి ఇది మిగిలింది. 1611 నాటి బైబిల్ అనువాదంలో ఈ ‘ఎస్’ ఉన్నచోట ‘ఎత్’ కనిపిస్తుంది. ‘లీడ్స్’ అనాల్సిన చోట ‘లీడెత్’ అని ఉంటుంది. కాబట్టి ఏడు తోకలు తడబడకుండా వాడే తెలుగువాళ్లకు ఒక్క తోక బరువేమీ కాదు. గుర్తుండాల్సిందల్లా, ప్రశ్నలోనూ లేదనే వాక్యంలోనూ ‘డజ్’ వచ్చేస్తే ఆ ‘ఎస్’ దానిలోకి వెళ్లిపోతుంది. ‘డజ్ హి గో’, ‘హి డజ్ నాట్ గో’. ‘డజ్ హి గోస్’ తప్పు. ఈ ఒక్కటీ రాతలో రెండుసార్లు సరిచూసుకోండి.

ఇంకో మాట. క్రికెట్ చూసేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ. 2011 ఏప్రిల్ 2, ముంబై వాంఖడే స్టేడియం. శ్రీలంకతో ప్రపంచకప్ ఫైనల్. ధోనీ సిక్స్ కొట్టిన ఆ క్షణంలో కామెంటరీ చెబుతున్న రవిశాస్త్రి అన్న మాటలు మీలో చాలామందికి నోటికి వచ్చు. ‘ధోనీ ఫినిషెస్ ఆఫ్ ఇన్ స్టైల్.’ ఒక్కసారి ఆ క్రియ చూడండి. ఫినిషెస్. కళ్లముందు జరుగుతున్న పని కదా, మరి ‘ఈజ్ ఫినిషింగ్’ అనలేదేం? ఎందుకంటే బ్యాట్‌కు బంతి తగలడం, అది గాల్లోకి లేవడం రెప్పపాటు పని. మొదలైందనేలోపే అయిపోయింది. నడుస్తూ ఉంది అని చెప్పడానికి అక్కడ వ్యవధి లేదు. అందుకే లైవ్ కామెంటరీలో కొట్టాడు, పట్టాడు, విసిరాడు లాంటి చిటికెలో అయ్యే పనులన్నీ సింపుల్ ప్రెజెంట్‌లో వస్తాయి. ‘హి రన్స్ ఇన్, బౌల్స్, అండ్ హి హిట్స్ ఇట్.’ అదే వాన గురించో, ప్రేక్షకుల గురించో చెప్పాల్సి వస్తే కంటిన్యువస్‌లోకి మారతారు. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’, ‘ద క్రౌడ్ ఈజ్ సింగింగ్’. మళ్లీ ఒక మ్యాచ్ పెట్టుకుని ఈ రెండూ ఎక్కడెక్కడ మారుతున్నాయో వినండి.

ఆ కామెంటరీలోనే తర్వాతి మాట ఇంకా బాగుంటుంది. ‘ఇండియా లిఫ్ట్ ద వరల్డ్ కప్ ఆఫ్టర్ ట్వెంటీ ఎయిట్ ఇయర్స్.’ ఇండియా ఒక్కటే కదా, ‘లిఫ్ట్స్’ అనాలి కదా? అక్కడ ఇండియా అంటే దేశం కాదు, పదకొండు మంది ఆటగాళ్లు. వాళ్లు ఎత్తారు. అందుకే ‘ఎస్’ లేదు. బ్రిటిష్ వాడుకలో జట్టు పేరును బహువచనంగా వాడటం మామూలు. అమెరికా వాడుకలో ఎక్కువగా ఏకవచనమే. రెండూ సరైనవే. ఒక వ్యాసంలో ఒకటే పట్టుకోండి.

తద్ధర్మం అన్నాను కదా, కామెంటరీ దానికి లొంగదు. పత్రికల హెడ్డింగులూ లొంగవు. నిన్న జరిగిపోయినదాన్ని కూడా ‘ఇండియా విన్స్’ అని రాస్తారు. రైళ్ల వేళలు కూడా ఉన్నాయి. ‘ద గోదావరి ఎక్స్‌ప్రెస్ లీవ్స్ ఇన్ ద ఈవెనింగ్.’ రేపటి ప్రయాణమైనా సరే ‘లీవ్స్’ అనే అంటారు. టైమ్‌టేబుల్‌లో ఖాయమైపోయింది కాబట్టి. ఈ మూడూ పక్కన పెడితే తద్ధర్మం మిమ్మల్ని దారి తప్పనివ్వదు.

ఇక కంటిన్యువస్. ‘ఐఎన్‌జీ’. జరుగుతున్నది, ఇంకా పూర్తి కానిది, కొంతకాలానికే పరిమితమైనది. ‘ఐ లివ్ ఇన్ విజయవాడ’ అంటే అది నా ఊరు, అక్కడే ఉంటాను. ‘ఐ యామ్ లివింగ్ ఇన్ విజయవాడ’ అంటే ప్రస్తుతానికి అక్కడున్నాను, కోచింగ్ కోసమో ఉద్యోగం కోసమో. తర్వాత వెళ్లిపోవచ్చు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్నవాళ్లు ‘ఐ యామ్ స్టేయింగ్ ఇన్ అమీర్‌పేట’ అంటే చక్కగా సరిపోతుంది. అక్కడే ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాయన అలా అంటే సరిపోదు.

ఈ ‘ఐఎన్‌జీ’ ఇంగ్లీషులో ఇంతగా విస్తరించింది తర్వాతి కాలంలోనే. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ సుమారు 1600 నాటిది. అందులో పుస్తకం చదువుతున్న హామ్లెట్‌ను పొలోనియస్ అడుగుతాడు, ఏం చదువుతున్నారు ప్రభూ అని. అక్కడ ‘వాట్ డు యు రీడ్’ అనే ఉంది. ఇవాళ ఎవరూ అలా అడగరు. ‘వాట్ ఆర్ యు రీడింగ్’ అంటారు. నాలుగు వందల ఏళ్లలో వాళ్ల భాషే అంత మారింది.

రేపటి పనికి కూడా ఇది వాడొచ్చు. ‘రేపు తిరుపతి వెళ్తున్నాను’ అని మనం అనమూ? టికెట్లు అయిపోయాయి, సంచి సర్దేశాం. ‘ఐ యామ్ గోయింగ్ టు తిరుపతి టుమారో.’ తెలుగూ ఇంగ్లీషూ ఇక్కడ ఒకే దారిలో నడుస్తాయి. దీని మీద ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్.’ ‘ఐ యామ్ నాట్ నోయింగ్.’ ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్, సర్.’ మన భారతీయుల ఇంగ్లీషును గుర్తుపట్టే మొదటి ఆనవాలు ఇదే. దీనికి గ్రామర్ పుస్తకాల్లో స్టేటివ్ వెర్బ్స్ అని ఒక పెద్ద జాబితా ఇస్తారు. నో, లైక్, వాంట్, నీడ్, రిమెంబర్, అండర్‌స్టాండ్, బిలాంగ్, హావ్... వీటికి ‘ఐఎన్‌జీ’ పెట్టకూడదంటారు. జాబితా కంఠస్థం చేస్తాం, మాట్లాడేటప్పుడు మరిచిపోతాం.

జాబితా వదిలేయండి. అందులోని మాటల్ని తెలుగులోకి తెచ్చి చూడండి. నో అంటే నాకు తెలుసు. లైక్ అంటే నాకు ఇష్టం. వాంట్ అంటే నాకు కావాలి. నీడ్ అంటే నాకు అవసరం. రిమెంబర్ అంటే నాకు గుర్తుంది. అండర్‌స్టాండ్ అంటే నాకు అర్థమైంది. హావ్ అంటే నాకు ఉంది. గమనించారా? అన్నీ ‘నాకు’తో మొదలయ్యాయి. ‘నేను’ లేదు. ఎందుకంటే ఇవి మనం చేసే పనులు కావు. తెలియడం, ఇష్టం కలగడం, గుర్తుండటం మన చేతిలో పని కాదు, మనకు కలిగే స్థితి. పనికి ‘నేను’, స్థితికి ‘నాకు’ అని తెలుగు ఎంత స్పష్టంగా విడదీసిందో చూడండి. ఇంగ్లీషు రెండిటికీ ‘ఐ’ అనే వాడి, ఆ తేడాను ‘ఐఎన్‌జీ’ పెట్టడంలో, పెట్టకపోవడంలో చూపిస్తుంది.

కాబట్టి, తెలుగు వాక్యం ‘నాకు’తో మొదలైతే ఇంగ్లీషులో ‘ఐఎన్‌జీ’ పెట్టకండి. నాకు ఇద్దరు తమ్ముళ్లున్నారు. ‘ఐ హావ్ టూ యంగర్ బ్రదర్స్.’ నాకు అర్థం కావడం లేదు. తెలుగులో ‘కావడం లేదు’ ఉంది కదాని ‘ఐఎన్‌జీ’ వైపు మనసు లాగుతుంది. లాగనివ్వకండి. మొదట్లో ‘నాకు’ ఉంది. ‘ఐ డోంట్ అండర్‌స్టాండ్.’ ఫోన్‌లో నాకు వినపడటం లేదు. ‘ఐ కాంట్ హియర్ యు.’ ‘ఐ యామ్ నాట్ హియరింగ్’ వద్దు.

‘నాకు నిద్ర వస్తోంది’ లాంటివి వేరు. అక్కడ ఏదో వస్తోంది, కదులుతోంది. కాబట్టి ‘ఐ యామ్ ఫీలింగ్ స్లీపీ’ అంటాం. ‘వస్తోంది’ ఉన్న వాక్యాలు విడిగా చూసుకోండి. మిగతాచోట్ల ఈ సూత్రం నూటికి తొంభైసార్లు మిమ్మల్ని కాపాడుతుందని నా నమ్మకం.

వెనక నుంచి ఒకమ్మాయి అడుగుతోంది. గట్టిగా చెప్పమ్మా. ఆ... ‘అనుకుంటున్నాను’, ‘నమ్ముతున్నాను’ వీటిలో ‘నేను’ ఉంది కదా, మరి ‘ఐ థింక్’, ‘ఐ బిలీవ్’ అంటామెందుకని. చాలా బాగా పట్టుకున్నావు. ‘నాకు’ సూత్రం తప్పించుకునే మాటలు ఇవే. అభిప్రాయం, నమ్మకం, ప్రేమ. వీటికి ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. తెలుగులో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అంటారు. ఇంగ్లీషులో ఎవరైనా ‘ఐ యామ్ లవింగ్ యు’ అంటారా? ‘ఐ లవ్ యు’ అనే అంటారు. చదువు రాని వాళ్లకు కూడా ఈ వాక్యం సరిగ్గానే వస్తుంది. మనసులో నిలిచి ఉండేవాటికి అదే దారి. ‘ఐ లవ్’, ‘ఐ థింక్’, ‘ఐ బిలీవ్’.

మరి మెక్‌డొనాల్డ్స్ వాళ్లు ‘ఐ యామ్ లవిన్ ఇట్’ అని పెట్టుకున్నారు కదా అంటారా? 2003లో మొదలైన ప్రకటన అది. కావాలనే అలా రాశారు. నాకు బర్గర్ ఇష్టం అని కాకుండా, ఇదిగో ఈ ముద్ద నోట్లో ఉండగా ఆస్వాదిస్తున్నాను అన్న భావం కోసం. స్థితిని పనిగా మార్చి చూపించారు. తెలిసి చేస్తే అది శైలి. ఇంటర్వ్యూలో మాత్రం వద్దు.

ఒకే క్రియ రెండు వైపులా ఉండటం కూడా చూస్తారు. ‘ఐ హావ్ ఎ బైక్’ అంటే నాకు బైక్ ఉంది. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ అంటే నేను భోంచేస్తున్నాను. రెండోదాంట్లో ‘నేను’ వచ్చింది, కాబట్టి ‘ఐఎన్‌జీ’ వచ్చింది. ‘హావింగ్’ ఎప్పుడూ తప్పేనని కొందరు భయపడిపోతారు. ఆ భయం అక్కర్లేదు. ‘ఐ థింక్ ఇట్ ఈజ్ గుడ్’ అంటే నా అభిప్రాయం. ‘ఐ యామ్ థింకింగ్’ అంటే కూర్చుని ఆలోచిస్తున్నాను, టైమివ్వండి అని.

ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.’ ఇందులో తప్పులు రెండు. రెండూ తెలుగు నుంచే వచ్చాయి. ‘ఐదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అంటాం. పని ఇంకా నడుస్తోంది కాబట్టి మన భాషకు ‘చేస్తున్నాను’ చాలు. ఇది మన ఒక్కరి తీరు కాదు. ఫ్రెంచివాళ్లూ, జర్మన్లూ కూడా ఇలాంటి చోట మామూలు ప్రెజెంట్ టెన్సే వాడతారు. ఇంగ్లీషుకు మాత్రం వెనక మొదలై ఇప్పటిదాకా సాగిన పని అంటే ‘హావ్ బీన్’ కావాలి. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్.’

రెండోది ‘నుంచి’. 2019 నుంచి అంటాం, ఐదేళ్ల నుంచి అంటాం. మనకు ఒకటే ‘నుంచి’. ఇంగ్లీషులో మొదలైన చోటు చెబితే ‘సిన్స్’, గడిచిన కాలం పొడవు చెబితే ‘ఫర్’. క్యాలెండర్లో వేలు పెట్టి చూపించగలిగితే ‘సిన్స్’. 2019, జనవరి, సోమవారం, ఉగాది... ఇవన్నీ చూపించగలం. ఐదేళ్లు, మూడు నెలలు, చాలాకాలం... వీటిని ఒక్కచోట వేలు పెట్టి చూపించలేం, కాబట్టి ‘ఫర్’. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ ట్వెంటీ నైన్టీన్.’ ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్.’ ఈ రెండు వాక్యాలనూ మీ మీ వివరాలతో ఇప్పుడే నోట్ బుక్‌లో రాసుకోండి. రాయండి, నేను ఆగుతాను.

అయిందా? ఖరీదైన తప్పు అని ఎందుకన్నానంటే, మన పిల్లలకు పని వచ్చు, అనుభవం ఉంది. కానీ ఆ అనుభవాన్ని చెప్పే వాక్యమే తడబడుతుంది. సరిగ్గా బలంగా నిలబడాల్సిన చోట వాక్యం కుంటితే నాకు బాధేస్తుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ ట్వెంటీ నైన్టీన్.’ రెజ్యూమేల్లో, పరిచయాల్లో ఎక్కడ చూసినా ఇదే. ‘హావ్’ పెడితే వాక్యానికి బరువు వస్తుందని అనుకుంటారు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ పేరులో ప్రెజెంట్ ఉంది. ఆ పని ఇప్పటికి ముడిపడి ఉండాలి. ఎప్పుడు జరిగిందో చెప్పేశారంటే ఆ ముడి తెగిపోయినట్టే. 2019 అన్నారు, అది గతం. ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ ట్వెంటీ నైన్టీన్.’ ఏడాది చెప్పకపోతే ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై బీటెక్’ అనొచ్చు. డిగ్రీ ఇప్పుడు చేతిలో ఉంది, ఉద్యోగానికి సిద్ధం అని. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ కూడా ఇంతే. నిన్న అనగానే ‘హావ్’ లేచిపోవాలి.

తెలుగులో ‘తిన్నాను’ రెండిటికీ సరిపోతుంది, అందుకే ఇది చెవికి తట్టదు. ఇంటికొచ్చినవాళ్లను ‘భోంచేశారా?’ అంటాం. మనం అడిగేది గతం గురించా? కాదు. ఇప్పుడు ఆకలితో ఉన్నారా, వడ్డించమంటారా అని. బ్రిటిష్ ఇంగ్లీషులో అది ‘హావ్ యు ఈటెన్?’ అవుతుంది. అమెరికాలో ‘డిడ్ యు ఈట్?’ అని కూడా మామూలుగానే అడుగుతారు. మీ అన్నయ్యలో అక్కలో డల్లాస్‌లో ఉండి అలా అంటే వాళ్లది తప్పని సరిచేయకండి.

ఇంకెవరైనా? ఆ చివర బాబూ, నువ్వు. ‘హావ్ గాన్’, ‘హావ్ బీన్’ మధ్య తేడా. ఇది అడిగినందుకు సంతోషం, ఎందుకంటే దీనికి జవాబు మీ ఇంట్లో మాటల్లోనే ఉంది. నాన్న తిరుపతి వెళ్లారు అంటే, ఇంకా రాలేదు, అక్కడో దారిలోనో ఉన్నారు. ‘హి హాజ్ గాన్ టు తిరుపతి.’ నాన్న తిరుపతి వెళ్లొచ్చారు అంటే, వెళ్లారు, తిరిగి వచ్చేశారు, ప్రసాదం ఇంట్లో ఉంది. ‘హి హాజ్ బీన్ టు తిరుపతి.’ వెళ్లారు అయితే ‘గాన్’, వెళ్లొచ్చారు అయితే ‘బీన్’. అందుకే ‘ఐ హావ్ గాన్ టు ఢిల్లీ’ అని ఇక్కడ నిలబడి చెప్పకూడదు. మీరు ఢిల్లీలో ఉంటే ఇక్కడ మాట్లాడుతున్నదెవరు? ‘ఐ హావ్ బీన్ టు ఢిల్లీ ట్వైస్’ అనాలి. ‘లాస్ట్ ఇయర్’ అని కలిపితే మాత్రం ‘ఐ వెంట్’. బెల్లు కొట్టారు. మీరు రాసుకున్న ఆ రెండు వాక్యాలూ తీసుకుని ఒక్కొక్కరే ఇటు రండి, ఎవరివి వారితో చదివించి చూస్తాను.